విజిటర్ ఇన్సూరెన్సు ముగిశాక నాన్నగారికి ఎమర్జెన్సీ: ఆసుపత్రి కాదనగలదా, వచ్చిన బిల్లులను ఏం చేయాలి?

ప్రశ్న: ఎడిసన్ తెనాలి

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గత నవంబరులో తెనాలి నుంచి న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చారు. వారికి తీసుకున్న ఐదు నెలల విజిటర్ ఇన్సూరెన్సు, అంటే చూడటానికి వచ్చినవారి కోసం అమ్మే ఆరోగ్య బీమా, ఏప్రిల్ మొదటి వారంలో ముగిసింది. తిరుగు ప్రయాణం మూడు వారాలు వెనక్కి జరిగినప్పుడు విమానం టికెట్లు మార్చాను గాని, పాలసీని పొడిగించాలన్న సంగతి నాకు తోచలేదు. ఈ తప్పు పూర్తిగా నాదే. దాని గురించి ఇక్కడ చీవాట్లు పెట్టనవసరం లేదు, ఆ పని ఇంట్లో ఇప్పటికే జరిగింది.

ఆ మధ్యలోనే ఒక రాత్రి పదకొండు గంటలకు, అరవై ఏడేళ్ల వయసూ పదిహేనేళ్ల షుగరూ ఉన్న మా నాన్నగారు, గుండె మీద బరువు పెట్టినట్టుగా ఉందనీ ఎడమ దవడ లాగుతోందనీ అన్నారు. నేను ఆయనను కారులో కూర్చోబెట్టుకొని దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాను. తీరా అక్కడికి చేరిన తరువాత ఆయన కారు దిగనన్నారు. ఎమర్జెన్సీ అన్న ఎర్ర అక్షరాల బోర్డు ఎదురుగా వెలుగుతూనే ఉంది, మేము మాత్రం పార్కింగులో నలభై నిమిషాలు కూర్చున్నాము. ఒక చేయి ఛాతీ మీద పెట్టుకొని, రెండో చేతిలోని ఫోనులో డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ, "గ్యాసు అయి ఉంటుందిరా, ఇంటికి పోయి ఈనో తాగుతాను. ముందు డబ్బు కట్టమంటే ఈ అర్ధరాత్రి ఎక్కడి నుంచి తెస్తావు?" అని ఆయన అంటూనే ఉన్నారు. చివరకు వెనుక సీటులో ఉన్న అమ్మ, మాలో ఎవరికీ చెప్పకుండా దిగి లోపలికి వెళ్లి, చక్రాల కుర్చీతో సహా ఒక నర్సును వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. లోపల ఏం చెప్పిందో, వాళ్లకు ఏం అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే ఈసీజీ తీశారు, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేశారు, రాత్రంతా అబ్జర్వేషనులో ఉంచుకున్నారు. గుండెపోటు కాదనీ, అయితే అంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి) అనుమానం ఉంది కాబట్టి త్వరలో స్ట్రెస్ టెస్టు (శ్రమ పెట్టి గుండెను చూసే పరీక్ష) చేయించాలనీ చెప్పి మర్నాడు మధ్యాహ్నం పంపించారు. మధ్యలో, పరీక్షలు జరుగుతుండగా, చక్రాల బల్ల మీద కంప్యూటరు తోసుకుంటూ ఒకావిడ వచ్చి ఇన్సూరెన్సు కార్డు అడిగారు. లేదని చెబితే "సెల్ఫ్ పే", అంటే సొంతంగా కట్టుకొనేవారు, అని నమోదు చేసుకొని, ఈ పూటకు ఎంతోకొంత చెల్లించగలరా అన్నారు. నేను భయపడి 200 డాలర్లు కట్టాను, చూపించిన చోట సంతకం కూడా చేశాను.

ఇప్పుడు నాలుగు బిల్లులు నాలుగు చోట్ల నుంచి వచ్చాయి. ఆసుపత్రిది 16,940 డాలర్లు, ఎమర్జెన్సీ వైద్యుల బృందానిది 1,420, గుండె వైద్యుడిది 610, ఎక్స్‌రే చదివి నివేదిక రాసినందుకు మరొకరిది 62. నా ప్రశ్నలు రెండే. ఆ రాత్రి డబ్బు లేదని చెప్పి ఉంటే వాళ్లు మమ్మల్ని పంపివేయగలిగేవారా? ఇక ఈ బిల్లులను మొత్తంగా క్రెడిట్ కార్డు మీద కట్టేయడం మంచిదా, లేక మరేదైనా మార్గం ఉందా?

జవాబు 1: రాత్రి డ్యూటీ

నేను పద్నాలుగేళ్లుగా ఎమర్జెన్సీ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి మీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను. బిల్లుల సంగతి తెలిసినవారు వేరే ఉన్నారు.

పంపివేయలేరు. 1986లో అమెరికా కాంగ్రెసు చేసిన ఎమర్జెన్సీ మెడికల్ ట్రీట్‌మెంట్ అండ్ లేబర్ యాక్ట్ అనే చట్టం ఉంది. దాన్ని మేమందరం పొడి అక్షరాలతో ఎమ్‌టాలా అంటాము. పెద్దవయసువారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, దాని సొమ్ము తీసుకొనే ప్రతి ఆసుపత్రికీ, అంటే ఎమర్జెన్సీ విభాగం ఉన్న దాదాపు అన్ని ఆసుపత్రులకూ అది వర్తిస్తుంది. ఎవరైనా వచ్చి నన్ను చూడండి అని అడిగితే, లేదా అడగలేని స్థితిలో ఉంటే, వారి పౌరసత్వం ఏమిటి, ఇన్సూరెన్సు ఉందా, జేబులో ఎంత ఉంది అన్న లెక్కతో పనిలేకుండా ముందు వైద్య పరీక్ష చేసి, అది అత్యవసర స్థితి అవునో కాదో తేల్చాలి. అవునంటే, పరిస్థితి నిలకడకు వచ్చేదాకా చికిత్స చేయాలి. తమవల్ల కానప్పుడు, లేదా రోగే కోరినప్పుడు మాత్రమే మరో ఆసుపత్రికి పంపవచ్చు. అప్పుడు కూడా అవతలి ఆసుపత్రి ముందుగా ఒప్పుకోవాలి, కాగితాలన్నీ వెంట వెళ్లాలి, దారిలో చూసుకోవడానికి తగిన మనుషులూ పరికరాలూ ఉండాలి. నొప్పులు పడుతున్న గర్భిణికీ ఇదే వర్తిస్తుంది. చట్టం పేరులో లేబర్ అన్న మాట ఉన్నది అందుకే.

మీ పార్కింగు విషయం చదివి మనసు చివుక్కుమంది. ఈ చట్టం ఆసుపత్రి లోపలి బల్ల దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రధాన భవనం నుంచి 250 గజాల లోపు ఉన్న ఆసుపత్రి స్థలమంతా, పార్కింగుతో సహా, దాని కిందికే వస్తుంది. అంటే మీ నాన్నగారు ఫోనులో లెక్కలు వేసుకుంటున్న సమయానికే ఆయన ఆ గీత లోపల ఉన్నారు. మీ అమ్మగారు ఏ భాషలో అడిగినా, చేత్తో చూపించినా సరే, అడిగినట్టే లెక్క.

ఇక ఆ చక్రాల బల్ల. పేరు, చిరునామా, ఇన్సూరెన్సు వివరాలు అడగడం తప్పు కాదు, కాని ఆ అడగడం వల్ల పరీక్షగాని చికిత్సగాని ఆలస్యం కాకూడదు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల లోపు ఈసీజీ తీయాలన్నది మేము పాటించే ప్రమాణం, అది తీసిన తరువాతే ఆ బల్ల మీ దగ్గరికి వచ్చింది. ఎంతోకొంత కట్టగలరా అన్న ప్రశ్నకు "ఇప్పుడు కాదు, బిల్లు పంపండి" అని చెప్పవచ్చు. అలా చెప్పినందువల్ల లోపల మేము చేసే పనిలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు. ఈ హక్కుల బోర్డు ప్రతి ఎమర్జెన్సీ విభాగంలోనూ కనబడేలా పెట్టాలన్నది కూడా చట్టమే. మీరు కూర్చున్న కుర్చీల వెనుక గోడ మీదే అది ఉండి ఉంటుంది, అయితే ఆ గంటలో దాన్ని తల తిప్పి చదివేవారు ఎవరు?

మరొక మాట. అమ్మగారికి గాని నాన్నగారికి గాని ఇంగ్లీషు రాకపోతే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఆసుపత్రిదే. మా దగ్గర నిలువు కర్ర మీద బిగించిన టాబ్లెట్ ఒకటి ఉంటుంది. తెలుగు అని నొక్కితే కొద్దిసేపటిలో ఎక్కడి నుంచో ఒక తెలుగు గొంతు పలుకుతుంది. మొన్న ఒక పెద్దావిడ ఆ గొంతు వినగానే నొప్పి సంగతి పక్కనబెట్టి "మీదే ఊరమ్మా?" అని అడిగింది. పిల్లలు దుబాసీలుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు సగం లక్షణాలు దాచిపెడతారు. అందుకే మీరు పక్కనే ఉన్నా దుబాసీని అడగండి.

చివరగా, నిలకడకు తేవడం వేరు, నయం చేయడం వేరు, ఉచితంగా చేయడం వేరు. ఈ చట్టం మొదటిదాన్ని మాత్రమే ఇస్తుంది. మీకు చెప్పిన స్ట్రెస్ టెస్టు దీని కిందికి రాదు.

జవాబు 2: పాత పత్రికలు

రాత్రి డ్యూటీ గారు చెప్పినదానికి కాస్త వెనుకటి కథ చేరుస్తాను, ఎందుకంటే ఈ చట్టం దయాగుణంతో పుట్టింది కాదు, సిగ్గుచేటు నుంచి పుట్టింది.

1980ల మొదట్లో ఇన్సూరెన్సు లేని రోగులను ప్రైవేటు ఆసుపత్రులు అంబులెన్సు ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రుల గుమ్మంలో దించి వెళ్లడం ఎంత మామూలైపోయిందంటే, దానికి పేషెంట్ డంపింగ్ అని పేరే స్థిరపడింది. చికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరికి అలా చేరవేయబడిన 467 మందిని వరుసగా లెక్కించి, 1986 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. వారిలో 87 శాతం మందిని పంపడానికి చెప్పిన కారణం తగిన ఇన్సూరెన్సు లేకపోవడం. రాతపూర్వకంగా సమ్మతి తెలిపినవారు 6 శాతం మాత్రమే. సుమారు నాలుగోవంతు మంది నిలకడ లేని స్థితిలో వచ్చారు. ఆ ఏప్రిల్‌లో అధ్యక్షుడు రేగన్ ఒక పెద్ద బడ్జెట్ బిల్లు మీద సంతకం చేశారు, ఎమ్‌టాలా అందులో ఒక భాగం.

ఉల్లంఘించిన ఆసుపత్రికి ఒకప్పుడు 50,000 డాలర్ల వరకు ఉన్న జరిమానా, ధరల పెరుగుదలతో పాటు సవరించగా పెద్ద ఆసుపత్రులకు ఇప్పుడు లక్ష డాలర్లు దాటింది. బాధ్యుడైన వైద్యుడికి విడిగా వేస్తారు. మెడికేర్ నుంచి తొలగించే అధికారం కూడా ఉంది, ఆసుపత్రులు నిజంగా భయపడేది దానికే. అయితే ఒక లోటు మొదటి నుంచీ ఉంది. తలుపు తీసి ఉంచమన్న ఆ చట్టం, లోపలికి వచ్చినవారికయ్యే ఖర్చు ఎవరు భరించాలో చెప్పలేదు, ఆసుపత్రికి పైసా ఇవ్వలేదు. మీకు వచ్చిన 16,940 అంకె ఆ లోటులో నుంచి వచ్చినదే.

జవాబు 3: ముక్కుసూటి

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. నెలకు కొద్దిపాటి సొమ్ముతో వచ్చే పాలసీని పొడిగించకుండా తల్లిదండ్రులను ఉంచుకొని, ఆ తరువాత బిల్లు తగ్గించుకొనే మార్గాలు వెతకడం నాకు న్యాయంగా అనిపించదు. ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు, ఇన్సూరెన్సు కట్టే మా వంటివారి ధరల్లోకే చేరుతుంది. ప్రశ్న అడిగినవారు తప్పు ఒప్పుకున్నారు, సంతోషం. అయితే దీన్ని చదివి మరో పదిమంది "ఎలాగూ కాదనరట" అనుకుంటారేమోనని నా భయం.

జవాబు 4: జమాఖర్చు

న్యూజెర్సీలోని ఒక ఆసుపత్రి బిల్లింగు విభాగంలో పనిచేస్తున్నాను. మీ రెండో ప్రశ్న నాది.

ముందుగా ముక్కుసూటి గారికి ఒక మాట. ఇన్సూరెన్సు ఉన్న రోగి విషయంలో, బిల్లు మీద వేసిన ధర మొత్తాన్ని ఏ ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించదు, ముందే కుదుర్చుకున్న తక్కువ ధర చెల్లిస్తుంది. ఆ పూర్తి అంకె సాధారణంగా వెళ్లేది ఇన్సూరెన్సు లేనివారి పేరు మీదికే. దాన్ని తగ్గించమని అడగడం మోసం కాదు. పైగా విజిటర్ పాలసీ ఉన్నంత మాత్రాన ఈ బిల్లు రాకపోయేదని అనుకోవద్దు. ఆ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల మినహాయింపు ఉంటుంది, రోజుకు ఇంత అని గీసిన పరిమితి ఉంటుంది. షుగరు ఉన్న అరవై ఏడేళ్ల మనిషికి గుండె నొప్పి వస్తే వారు మొదట వెతికేది ఆ మినహాయింపునే.

ఇక ఎడిసన్ తెనాలి గారూ, దయచేసి క్రెడిట్ కార్డు బయటికి తీయకండి. బిల్లు ఆసుపత్రి దగ్గర ఉన్నంతసేపు అది వైద్యపు బాకీ, దానికి చట్టాల రక్షణ ఉంది. కార్డు మీద గీసిన మరుక్షణం అది మామూలు కార్డు బాకీ అయి, కార్డు వడ్డీకి పెరుగుతుంది. మా రాష్ట్రంలో 2024 జులైలో వచ్చిన చట్టం ప్రకారం వైద్యపు బాకీ మీద వడ్డీ ఏడాదికి 3 శాతం మించకూడదు, దాన్ని క్రెడిట్ బ్యూరోలకు, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలకు, తెలియజేయకూడదు కూడా. ఈ రక్షణను మీ చేతులతో మీరే వదులుకోవడం ఎందుకు?

చేయవలసిన పని ఏమిటంటే, ఆసుపత్రికి ఫోను చేసి, పద్దులవారీగా విడదీసిన బిల్లు పంపమని అడుగుతూనే, ఛారిటీ కేర్, అంటే కట్టలేనివారికి ఆసుపత్రి బిల్లు తగ్గించే సహాయం, దరఖాస్తు కావాలని చెప్పండి. ఇది న్యూజెర్సీ రాష్ట్ర పథకం, ఇక్కడి అక్యూట్ కేర్ (తక్షణ చికిత్స చేసే మామూలు) ఆసుపత్రులన్నిటిలో ఉంటుంది. మామూలుగా రాష్ట్ర నివాసులకే అయినా, తక్షణ వైద్యం అవసరమైన అత్యవసర స్థితిలో వచ్చిన బయటివారికి కూడా వర్తించే వీలు అందులో ఉంది. చాలామంది మనవాళ్లు ఈ ముక్క తెలియక, "మాకు రాదులే" అని దరఖాస్తే పెట్టరు. ఆదాయం దారిద్ర్యరేఖకు రెట్టింపు లోపు ఉంటే ఆసుపత్రి బిల్లు పూర్తిగా, రెండింతలకు పైన మూడింతల వరకు ఉంటే కొంత మేరకు తగ్గుతుంది. ఇద్దరున్న కుటుంబానికి 2025లో ఆ రెట్టింపు అంకె ఏడాదికి 42,300 డాలర్లు. ఇక్కడ చూసేది రోగి ఆదాయం, ఆయన భార్య ఆదాయం. మీ జీతం కాదు. తెనాలిలో వచ్చే పెన్షను 42,300 డాలర్లకు చేరే ప్రశ్న లేదు కనుక ఆదాయం దగ్గర మీకు చిక్కు రాదు.

చిక్కు వచ్చేది ఆస్తి దగ్గర. వెంటనే నగదుగా మార్చుకోగలిగిన ఆస్తి రోగి పేరున 7,500 డాలర్లు, కుటుంబం మొత్తం మీద 15,000 డాలర్లు మించకూడదు. సొంత ఇల్లు ఈ లెక్కలోకి రాదు, బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు వస్తాయి. 7,500 డాలర్లంటే ఆరు లక్షల రూపాయల పైచిలుకు. రిటైరైన మన పెద్దవాళ్లలో చాలామందికి అంతకు మించే డిపాజిట్ ఉంటుంది. అలా మించినా దరఖాస్తు చిత్తు కాదు, మించిన మొత్తాన్ని ఆసుపత్రి బిల్లుకు చెల్లించి పరిమితి లోపలికి రావచ్చు. దాచిపెట్టి మాత్రం రాయకండి, చికిత్స జరిగిన తేదీ నాటి బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. పాసుపోర్టు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన నమోదు పత్రం), పెన్షను కాగితం కూడా సిద్ధం చేసుకోండి. దరఖాస్తు పూర్తిగా ఉంటే పది పనిదినాల్లో జవాబు రావాలి.

మిగిలిన మూడు బిల్లులు దీని కిందికి రావు. ఎమర్జెన్సీ వైద్యులూ, గుండె వైద్యుడూ, ఎక్స్‌రే చదివినవారూ ఆసుపత్రి ఉద్యోగులు కాకపోతే వారి లెక్కలు వారివే. ఒక్కొక్కరికి విడిగా ఫోను చేసి, ఇన్సూరెన్సు లేదని చెప్పి సెల్ఫ్ పే తగ్గింపు అడగాలి. మిగిలినది వాయిదాల మీద కట్టవచ్చు. ఫోనులో ఒప్పుకున్నదాన్ని కాగితం మీద పంపమనండి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవారికి కూడా ఒక సంగతి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు, అంటే ఇక్కడి ఆసుపత్రుల్లో సుమారు సగం, పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉంచుకొని తీరాలి. డిశ్చార్జి తరువాత మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి, మొదటి 120 రోజులు కోర్టుకెక్కడం వంటి గట్టి వసూలు చర్యలకు దిగకూడదు. అయితే ఎవరు అర్హులన్నది ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రే రాసుకుంటుంది. చుట్టుపక్కల నివసించేవారికి మాత్రమే అని రాసుకున్నవీ ఉన్నాయి. అడిగి చూడాలి.

ఇంకొకటి మరచిపోయాను. మీరు సంతకం చేసినది ఏ గడిలో? చికిత్సకు సమ్మతి అయితే సమస్య లేదు. గ్యారెంటర్ అన్న చోట చేసి ఉంటే ఆ బిల్లుకు మీరు కూడా పూచీపడ్డట్టే. దాని నకలు తెప్పించుకొని చూడండి.

జవాబు 5: డాలస్ ఏటిగట్టు

జమాఖర్చు గారి జవాబు చదివి ప్రింటు తీసుకున్నాను. టెక్సస్‌లో ఉన్న మనవారి కోసం ఒక చిన్న హెచ్చరిక. ఇక్కడ దుకాణ సముదాయాల్లో కనబడే వాటిలో అర్జెంట్ కేర్ (చిన్న జబ్బులను చూసే క్లినిక్కు) వేరు, ఫ్రీస్టాండింగ్ ఎమర్జెన్సీ రూమ్ (ఆసుపత్రికి విడిగా ఉండే ఎమర్జెన్సీ విభాగం) వేరు. అర్జెంట్ కేర్‌లో ముందే డబ్బు అడగవచ్చు, కట్టకపోతే చూడకపోవచ్చు. రెండోదానికి రాష్ట్ర చట్టం ప్రకారం డబ్బుతో పనిలేకుండా పరీక్షించే బాధ్యత ఉంది, కాని బిల్లు పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఏమీ తీసిపోదు. మా రూమ్మేటు జ్వరానికి మొదటిది అనుకొని రెండోదానిలోకి నడిచి వెళ్లాడు. బోర్డు మీద అర్జెంట్ అని ఉందా, ఎమర్జెన్సీ అని ఉందా అని చూసుకొని లోపలికి వెళ్లండి. ఛాతీ నొప్పి, పక్షవాతం లక్షణాలైతే ఆ తేడాలేవీ చూడకుండా 911కు ఫోను చేయండి.

జవాబు 6: గుంటూరు డాక్టరు

నేను గుంటూరులో ఫిజీషియనుని. మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది కనుక ఈ చర్చలు చదువుతుంటాను. మీ నాన్నగారిని మొండివాడని అనుకోకండి. ఆయనను కారులో కూర్చోబెట్టింది అమెరికా కాదు, ఇక్కడి ఆసుపత్రుల క్యాష్ కౌంటరు. ముందు డిపాజిట్ కట్టి రసీదు తెస్తేనే స్ట్రెచరు కదిలే చోట్లను ఆయన తన జీవితంలో ఎన్నిసార్లు చూసి ఉంటారో.

చట్టం ఇక్కడ మాత్రం లేదా అంటే ఉంది. స్కూటరు మీద పోతూ కారు ఢీకొన్న వ్యక్తిని దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్తే, ఇది మెడికో లీగల్ కేసు (పోలీసు విచారణతో ముడిపడ్డ కేసు), ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి తీసుకువెళ్లండని పంపించారు, ఆయన దారిలోనే ప్రాణం విడిచాడు. ఆ వార్త ఆధారంగా నడిచిన పరమానంద్ కటారా కేసులో 1989 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం కాపాడే ప్రయత్నం ముందు చేయాలి, మిగతా లాంఛనాలు తరువాత అని తీర్పు చెప్పింది. 1992లో బెంగాల్లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన హకీం షేక్ అనే కూలీని పడకలు లేవంటూ కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో ఆయనకు అయిన ఖర్చు సుమారు 17,000 రూపాయలు. 1996లో సుప్రీంకోర్టు ఇది జీవించే హక్కుకు భంగమని చెప్పి 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో కూడా ఈ బాధ్యత రాసి ఉంది, అయితే దాన్ని స్వీకరించిన రాష్ట్రాల్లోనే అది నడుస్తుంది. కాగితం మీద మేము ఎమ్‌టాలాకు మరీ వెనుకబడి ఏమీ లేము. అక్కడ తిప్పి పంపితే మెడికేర్ పోతుందన్న భయం ఆసుపత్రికి ఉంది, ఇక్కడ ఆ భయం రోగికి ఉంది.

వైద్యపరంగా ఒక్క మాట. పదిహేనేళ్ల షుగరు ఉన్నవారికి గుండెనొప్పి నొప్పిలా రాకపోవచ్చు. దవడ లాగడం, చెమట, ఆయాసం, ఒక్కోసారి కడుపు ఉబ్బరంగా మాత్రమే కనబడుతుంది. అటువంటివారు ఈనో తాగి తెల్లవారేదాకా చూద్దామనుకోవడం చాలా ప్రమాదం. ఆ నలభై నిమిషాలు ఈసారి గడిచిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: ఎడిసన్ తెనాలి

ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

జమాఖర్చు గారు చెప్పినట్టే పద్దుల బిల్లు తెప్పించాను. అందులో రక్తపరీక్ష ఒకటి మూడుసార్లు పడింది, రెండుసార్లే చేశారని వైద్యుల నోట్సులో ఉంది. చెప్పగానే తీసివేశారు. ఛారిటీ కేర్‌కు నాన్నగారి చేత సంతకం చేయించి పంపాము. డిపాజిట్లలో అమ్మ పేరున ఉన్నవి 4,700 డాలర్లకు, నాన్నగారి పేరున ఉన్నవి 9,500 డాలర్లకు సమానమయ్యాయి. ఇద్దరిదీ కలిపి 15,000 లోపే ఉన్నా ఆయన ఒక్కరి లెక్క 2,000 డాలర్లు మించింది. ఆ మించినది కట్టాము, ఆ రాత్రి కట్టిన 200 అందులో జమ చేసుకున్నారు, మిగిలిన ఆసుపత్రి బిల్లు రద్దయింది. నేను సంతకం చేసినది చికిత్స సమ్మతి పత్రం మీదేనని నకలు చూశాక తేలింది. ఎమర్జెన్సీ వైద్యుల బృందం బిల్లును 850కి తగ్గించి పది వాయిదాలకు ఒప్పుకుంది. గుండె వైద్యుడి కార్యాలయం ఏమీ తగ్గించలేదు, వాయిదాలు మాత్రం ఇచ్చింది.

స్ట్రెస్ టెస్టుకు ఇక్కడ ఎదురుచూడకుండా ప్రయాణం వారం ముందుకు జరిపి పంపించాము, వెళ్లేముందు వైద్యుడి చేత విమాన ప్రయాణానికి అనుమతి రాయించుకున్నాము. గుంటూరులో పరీక్ష చేసి, ఒక రక్తనాళం సన్నబడిందని మందులు మార్చారు. ఈసీజీ నకళ్లు ఇక్కడివే పనికొచ్చాయి.

ఆ రాత్రి లోపల ఏం చెప్పావని అమ్మను నిన్న ఫోనులో అడిగాను. ఏమీ చెప్పలేదట. కౌంటరు దగ్గర ఉన్నావిడకు తన ఛాతీ మీద చేయి పెట్టి చూపించి, తరువాత గాజుతలుపు లోంచి మన కారు వైపు వేలు చూపిందట.

ఎక్స్‌రే వాళ్ల 62 డాలర్ల బిల్లు మాత్రం మూడోసారి వచ్చింది. దాన్ని ఈ రోజు కట్టేశాను.